రెండడుగుల ఖాళీ

"ఇకమీదట ఈ పట్నంలో ఏ పౌరుడూ ఏ కరెంటు తీగకూ భయపడనక్కర్లేదు!" అని ఛైర్మన్ చెంచురామయ్య గారు టౌనుహాల్లో ప్రకటించగానే చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టినవాడు మీరా మొహిద్దీన్. కొట్టడానికి అతనికి కారణముంది.

మొహిద్దీన్ బజారు వీధిలో చీరలకు రంగులు వేస్తాడు. కింద రంగు కాగులు, పైన మేడ వరండా. వీధిలో దిగిన రెండు గుంజల మీద నిలబడ్డ ఆ వరండా వెడల్పు రెండడుగులు. రంగులో ముంచిన చీరల్ని అతని భార్య రహీమున్నీసా దాని కమ్మీల మీంచి వీధిలోకి వేలాడేసి ఆరబెడుతుంది. తాతల నాటినుంచీ ఆ ఇంట్లో పద్ధతి అదే. నిరుడు కరెంటువాళ్ళు వచ్చి సరిగ్గా ఆ వరండా ఎదుట తీగ లాగారు.

మధ్యాహ్నం సముద్రపు గాలి లేచిందంటే తడిచీర ఎగిరి తీగమీద పడుతుంది. తీగ లాగిన కొత్తలోనే ఒక పసుపు చీర అలాగే పడింది. దాని అంచు పట్టుకుని ఉన్న రహీమున్నీసా ఎగిరి గోడకు కొట్టుకుంది. తెలివొచ్చాక ఆమె ముందు అడిగింది చీర సంగతి. అప్పటినుంచి ఆమె వరండాలో అడుగు పెడితే చాలు, మొహిద్దీన్‌కు పై ప్రాణాలు పైనే పోతాయి. పెట్టకపోతే పొయ్యిలో పిల్లి లేవదు.

ఛైర్మన్ గారు మాట మీద నిలబడే మనిషి. ఒక మాట ఇచ్చాక దానిమీదే నిలబడి ఇంకో మాట ఇస్తారు. పైగా ఈసారి నిజంగానే ఒక కమిటీ వేసి, దాంతో సహా వీధిలోకి దిగారు. మునిసిపల్ ఓవర్సీరు హజరత్తయ్య టేపు పట్టుకున్నాడు. కరెంటు ఇంజనీరు గారు గొడుగు పట్టుకున్నారు.

"తీగకూ వరండాకూ ఎంతుంది?"

"రెండడుగులండి."

"ఉండాల్సింది?"

"నాలుగు."

"అయితే తీగ జరపండి," అన్నారు ఛైర్మన్ గారు, ఎంతో తేలిగ్గా.

"తీగ మాదే, స్తంభం మాదే," అని ఇంజనీరు గారు నిజాయితీగా ఒప్పుకున్నారు. "రెండూ ప్లాను ప్రకారమే ఉన్నాయి. లోపమంతా ఖాళీలో ఉంది. ఖాళీ వీధిమీద ఉంది. వీధి మునిసిపాలిటీది."

"వీధి మాదేనండి," అన్నాడు హజరత్తయ్య. "వీధిపైన గాలి మా రికార్డులో లేదు."

ఛైర్మన్ గారు స్తంభాన్ని చూశారు. తీగను చూశారు. వీధిని చూశారు. చివరికి వరండాను చూశారు. వీటిలో వెనక ఏ ఆఫీసూ లేనిది వరండా ఒక్కటే.

"ఏమయ్యా, మీ వరండా తీగమీదికి ఎందుకొచ్చింది?"

"అది మా తాత కట్టించినాడు సామీ. తీగ నిరుడు వచ్చినాది."

"మీ తాతకు ముందుచూపు ఉండొద్దూ?"

వరండా కొట్టేయమని నోటీసు వచ్చింది. మొహిద్దీన్ కూలీలతోపాటు తానూ గడ్డపార పట్టి తాతను మనసులో క్షమాపణ అడుగుతూ కొట్టాడు. గుంజలు కూడా పోయాయి. మేడ తలుపు తీస్తే ఇప్పుడు నేరుగా ఆకాశమే.

"ఇంక చీరలు యాడ ఆరేసేది?" అంది రహీమున్నీసా.

"తలుపుకి అడ్డంగా వెదురు కడతాలే. నువ్వు బతికుంటే చాలు."

ఆ ఏర్పాటులో ఒకటో రెండో చీరలకే చోటుంది. అయినా తీగ నాలుగడుగుల దూరంలో ఉంది. మొహిద్దీన్ ఏడాది తరవాత కంటినిండా నిద్రపోయాడు.

ఇంత గొప్ప విజయానికి ప్రారంభోత్సవం లేకపోతే ఎలా? మంత్రి గారిని పిలిచారు. ఆయనది పెద్ద కారు. బజారు మలుపులో అది తిరగాలంటే స్తంభం అడ్డం. అదృష్టవశాత్తూ గుంజలు పోయినచోట రెండడుగుల జాగా దొరికింది. ఏడాదిపాటు కాళ్ళావేళ్ళా పడితే కదలని స్తంభం ఒక్క పూటలో లేచివచ్చి మొహిద్దీన్ గోడ పక్కన నిలబడింది. దాంతోపాటు తీగా వచ్చింది.

మొహిద్దీన్ పరుగున ఆఫీసుకు పోయాడు. "అన్నా, మళ్ళీ రెండడుగులే అయిపోయినాది గదన్నా!"

"అయింది," అన్నాడు హజరత్తయ్య, జాలిగానే. "కానీ మీ ఇల్లు కొలవడం అయిపోయింది. మళ్ళీ కొలిస్తే ఛైర్మన్ గారిని అవమానించినట్టు అవుతుంది."

మంత్రి గారు వచ్చే పొద్దుకి వీధంతా తోరణాలు కట్టారు. ఆ తోరణాల కింద మంత్రి గారు నడుస్తారు కనుక, ఇంజనీరు గారు తెల్లవారకముందే లైను ఆపించారు. ఆ మాట కూలీల నోట విన్న మొహిద్దీన్ మేడమెట్లు రెండేసి ఎక్కాడు.

"రహీమూ! ఇయ్యాల తీగలో కరెంటు లేదు!"

బుచ్చిరెడ్డిపాలెం పెళ్ళివారి చీరలు ఆరక, కుప్పగా పడి ఉన్నాయి. మొగుడూ పెళ్ళాం ఒక్క మాటైనా అనుకోకుండా వాటిని వరసగా ఆ తీగమీదే ఆరేశారు. ఎరుపు, పసుపు, పచ్చ. సముద్రపు గాలికి అవి రెపరెపలాడుతుంటే రహీమున్నీసా నవ్వింది. ఆ నవ్వు చూసి మొహిద్దీన్‌కు ఏడుపొచ్చింది.

మంత్రి గారు కారు దిగి తల ఎత్తారు.

"భేష్! ఎవరిదీ అలంకారం?"

"ప్రజలదే సార్. తమంతట తామే," అన్నారు చెంచురామయ్య గారు.

"ప్రజలు తీగకు భయపడ్డం లేదనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి!" అని మంత్రి గారు రిబ్బను కత్తిరించారు.

సభ అయింది. కారు మలుపు తిరుగుతుండగా ఇంజనీరు గారు లైన్‌మన్‌కు చెయ్యి ఊపారు. రహీమున్నీసా ఆఖరి చీర లాగుతోంది.

"వదిలెయ్!" అని మొహిద్దీన్ అరిచాడు.

ఆమె వదిలేసింది. వీధిదీపం భగ్గున వెలిగింది. పెళ్ళికూతురి పచ్చ చీర తీగమీదే ఉండిపోయింది.

మర్నాడు ఆఫీసు తలుపులు తీసేసరికి మొహిద్దీన్ మెట్లమీద ఉన్నాడు. ఆ మర్నాడూ ఉన్నాడు. మూడోనాడు ఛైర్మన్ గారే లోపలికి పిలిచి ఏం కావాలని అడిగారు.

"మంత్రి గారు మళ్ళా ఎప్పుడొస్తారు సామీ?"

ఛైర్మన్ గారి కళ్ళు చెమర్చాయి. పక్కనున్న పత్రికాయన వైపు తిరిగి, "ప్రజాభిమానమంటే ఇదయ్యా, రాసుకోండి," అన్నారు.

మొహిద్దీన్ రంగు మరకల చేతులు జోడించాడు.

"వానలు పడకముందే వస్తే బాగుంటాది సామీ. ఒక్క పూటుంటే చాలు."