చప్పుడు లేని కారు

ఆ పొద్దున ఆదిశేషయ్య కారు కిర్రుమనకుండా చేయించి, మధ్యాహ్నానికల్లా పెనుగొలను వెళ్లి, తమ్ముడు పిచ్చయ్య మొహం ఒకసారి చూసి రావాలనుకున్నాడు. అంతకుమించి ఆశ లేదు. పిచ్చయ్యకి లివరు పూర్తిగా పాడైంది. ఆస్పత్రివాళ్లు ఇంటికి తీసుకెళ్లమన్నారు. అలా అన్నారంటే ఏమిటో తిరువూరులో అందరికీ తెలుసు.

చిక్కల్లా కారుతోనే. తండ్రి కొన్న ఆ నల్ల కారు పంపకాల్లో పెద్దవాడికి వచ్చింది. అప్పటినుంచి అన్నదమ్ములకి మాటల్లేవు. దాని మడ్‌గార్డు రేకు బాడీ రేకుని ఒరుసుకుని ప్రతి గుంటకీ కిర్రోమనేది. ఊరి మలుపులో ఆ చప్పుడు వినబడగానే పిచ్చయ్య "తలుపెయ్యవే మాణిక్యం" అనేవాడు. ఆదిశేషయ్య వెళ్లినప్పుడల్లా మూసిన తలుపు చూసి తిరిగొచ్చాడు.

"బస్సెక్కి వెళ్లొచ్చుగా," అంది భార్య హనుమాయమ్మ.

"నాన్న కారు పెట్టుకుని బస్సు దిగితే, అమ్ముకు తిన్నాననుకుంటాడు."

"ఇప్పుడు మాత్రం ఏం మంచిగా అనుకుంటున్నాడు?"

ఆదిశేషయ్య చెప్పులు తొడుక్కున్నాడు.

రేకుపని చేసే జోజప్ప కారు చుట్టూ తిరిగి, మడ్‌గార్డుని మోకాలితో నెట్టి చూశాడు. "ఈ రెండు రేకుల మధ్య తారు పట్టీ ఉండేదండి. అరిగి రాలిపోయింది. బెజవాడ నుంచి తెప్పించాలి. రెండ్రోజులు పడుద్ది."

"వాడికి రెండ్రోజులు లేవయ్యా. ఎడ్లబండి ఇరుసుకి ఏం పెట్టేవాళ్లం? గోనెపట్టా, ఆముదం. మా నాన్న బండి నెమలి ఊళ్లో తిరునాళ్లకి వెళ్లొచ్చేది, కుయ్యిమనేది కాదు."

"మా తాతా అదే పెట్టేవాడండి," అన్నాడు జోజప్ప. ఇద్దరి పెద్దలూ ఒకే మాట చెప్పాక ఇక ఆలోచించడానికేమీ లేకపోయింది.

పక్కనున్న బెల్లం కొట్టులో ఖాళీ గోనెలు దొరికాయి. జోజప్ప బోల్టులు వదులుచేసి, ఆముదంలో ముంచిన గోనె పేలికలు రేకుల మధ్య కూరాడు. ఒక మడత పెడితే కిర్రుమంది. రెండు పెడితే మూలిగింది. "ఇంకోటి వెయ్యి," అన్నాడు ఆదిశేషయ్య. మూడో మడతకి నోరు మూసుకుంది. ఇద్దరూ కాసేపు ఆ నిశ్శబ్దం వింటూ నిలబడ్డారు.

ఆ తరవాత చూస్తే వెనక తలుపు పడలేదు. ఉబ్బిన మడ్‌గార్డు దాన్ని బయటికి తన్నేసింది. హారను తీగ కూడా ఎక్కడో తెగింది. ఒక మడత తీసేద్దామనుకునేంతలో పెనుగొలను నుంచి మరదలు మాణిక్యమ్మ ఫోను చేసింది. "బావగారూ, వస్తే ఈ పూటే రండి."

తలుపుని కొబ్బరితాడుతో సగం తెరిచినట్టే కట్టేశారు. పొద్దుటినుంచి వంగి వంగి ఆదిశేషయ్యకి నడుం పట్టేసింది. జోజప్పని నడపమని, తను వెనక సీట్లో వెల్లకిలా పడుకున్నాడు. మనిషి పొడుగు. పాదాలు తలుపు సందులోంచి బయటికొచ్చాయి. బెల్లం వాసనకి ఈగలు ముసురుకుంటుంటే, తెల్ల దుప్పటి తలదాకా కప్పుకున్నాడు.

"ఇంటిముందు ఆగేదాకా నోరు తెరవకు. ఏ చప్పుడూ కాకూడదు," అని జోజప్పకి చెప్పాడు. ఎన్నో రాత్రులుగా నిద్రలేదేమో, ఊరు దాటేలోపే కన్నంటుకుంది.

బోల్టులు ఎక్కడ ఊడతాయోనని జోజప్ప కారుని నడకవేగంతోనే పోనిచ్చాడు. లోలోపల ప్రార్థన చేసుకుంటున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

పెనుగొలను మలుపులో అక్కమ్మ ఎదురైంది. ఊళ్లో ఎవరు పోయినా మొదటి ఏడుపు ఆవిడదే. ఎప్పుడూ కిర్రుమనే కారు ఇవాళ మూగగా వస్తోంది. తాళ్లు, తెల్లగుడ్డ, బయటికి రెండు పాదాలు, చుట్టూ ఈగలు.

"ఎవరయ్యా అది? శేషయ్యేనా?"

జోజప్ప పెదవులమీద వేలు పెట్టి, అవునన్నట్టు తలాడించాడు.

అక్కమ్మ చేనుగట్టు మీదుగా అడ్డంపడి కారుకన్నా ముందు చేరింది. దారిలో ఎవరో తిరువూరులో హనుమాయమ్మకి ఫోను కూడా చేశారు. కారు ఆగేసరికి వీధి నిండింది.

రోజుల తరబడి మంచం దిగని పిచ్చయ్య గోడ పట్టుకుని వచ్చాడు. పొట్ట ఉబ్బి, కాళ్లు పుల్లలై, పసుపు పూసినట్టున్నాడు. వచ్చి ఆ పాదాలమీద పడ్డాడు.

"ఒక్కసారి తలుపు తీస్తే నా సొమ్మేం పోయేది అన్నయ్యా! కారు నువ్వే ఉంచుకో, లే! నాకంటే ముందు నువ్వు పోవడమేంటి? వరస నాది కదా!"

ఆదిశేషయ్యకి అప్పటికే మెలకువ వచ్చింది. లేవాల్సింది. లేవలేదు. ఎన్నేళ్లకో విన్న గొంతు. దుప్పటి కింద కళ్లు మూసుకుని, ఇంకొక్క మాట, ఇంకొక్క మాట అని పడుకున్నాడు. ఇంతలో ఒక ఈగ ముక్కులో దూరింది. తుమ్మాడు.

జనం పరుగెత్తారు. పిచ్చయ్య మాత్రం పాదాలు వదల్లేదు.

"బతికే ఉన్నావా?"

"ఉన్నానురా."

"మరి చెప్పొద్దూ?"

"నువ్వు మాట్లాడుతున్నావు కదా అని..."

పిచ్చయ్య పాదాలు వదిలి, మళ్లీ గోడ పట్టుకుని లోపలికి వెళ్లి, తలుపు తనే వేసుకున్నాడు. గడియ పడిన చప్పుడు వీధిలోకి వినిపించింది.

ఆదిశేషయ్య అరుగుమీద కూర్చున్నాడు. హనుమాయమ్మ ఆటోలోంచి గుండెలు బాదుకుంటూ దిగి, మజ్జిగ తాగుతున్న భర్తని చూసింది. "ఇంటికి పదండి, అప్పుడు చెబుతాను," అంది.

ఆయన కదల్లేదు. దీపాలు పెట్టే వేళకి తలుపు వెనకనుంచి మాట వచ్చింది.

"నేను ఏడ్చానని ఎవరికీ చెప్పకు."

ఊరంతా చూసింది. అయినా "చెప్పన్లే," అన్నాడు ఆదిశేషయ్య.

"అన్నం తిను."

మాణిక్యమ్మ దొడ్డిదారిన తెచ్చి పెడితే అరుగుమీదే తిన్నాడు. తెల్లవారకముందే పిచ్చయ్య పోయాడు. మాణిక్యమ్మ తలుపు బార్లా తీసింది. అక్కమ్మ అందరికన్నా ముందొచ్చి, పిచ్చయ్య ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుని, అప్పుడు మొదలుపెట్టింది.