కత్తులు నూరిన ఆదివారం

ఆ ఆదివారం ఉదయం త్రినాథరావు చెయ్యాల్సిన పనులు మూడే. చేపలు తేవాలి, పనసకాయ కొయ్యాలి, మధ్యాహ్నం భోజనానికి వచ్చే బావమరిదికి క్షమాపణ చెప్పుకోవాలి. మొదటి రెండూ ఎవరైనా చేసేవే. మూడోది మాత్రం ఆయనే చెయ్యాలి.

నాలుగేళ్ల క్రితం మామగారు తవిటయ్య పోయారన్న కబురు అందేసరికి త్రినాథరావు స్టీలు ప్లాంటులో క్రేను మీద ఉన్నాడు. కరిగిన ఉక్కు నింపిన గంగాళాన్ని గాలిలో వదిలేసి, మామగారు పోయారని దిగి వచ్చెయ్యడం కుదరదు. బదులు మనిషి దొరికాక, గాజువాక వైపున్న ప్లాంటు నుంచి బయల్దేరి ఊరికి అవతలి కొసనున్న గోపాలపట్నం శ్మశానానికి చేరేసరికి చితి సగం కాలిపోయింది. "మా నాయన్ని మొయ్యడానికి నీకు షిఫ్టు అడ్డొచ్చిందేటి?" అని బావమరిది సాయిశంకర్ నలుగురిలో అరిచాడు. త్రినాథరావు కూడా నోటికొచ్చిన మాట అనేశాడు. "ముందొస్తే మాత్రం ఏటి, లేచి కూకుంటాడేటి?"

మనిషి అనకూడని మాటల్లో అది ఒకటి. అన్న క్షణం నుంచీ అది ఆయన్ని తింటూనే ఉంది. రెండిళ్ల మధ్యా మాటలు ఆగిపోయాయి. అత్తగారు సన్యాసమ్మ ఈ కూతురికీ ఆ కొడుక్కీ ఫోన్లు చేసి చేసి, చివరికి ఈ ఆదివారానికి కొడుకును ఒప్పించింది. ఇది తప్పితే మళ్లీ ఇలాంటి రోజు రాదని త్రినాథరావుకు తెలుసు.

ఇంట్లో ఉన్న మూడు కత్తులూ మొండివే. టమాటా మీద పెట్టి నొక్కితే అది నలిగి రసం కారేదే గాని తెగేది కాదు.

"ఈటితో పనసకాయ కొయ్యాలంటే మా తమ్ముడు రాత్రి బోయినానికి రావాల," అంది భార్య గౌరీశ్వరి.

త్రినాథరావు తెచ్చిన చేపల సంచి గట్టు మీద పెట్టి, బీరువా మీంచి ఒక అట్టపెట్టె దించాడు. ఆన్‌లైన్‌లో మూడు వందల నలభై తొమ్మిదికి తెప్పించిన సానరాయి. రాయి అనడమే గాని, అరచేతి వెడల్పు ఇనప రేకు. దాని మీద వజ్రాల పొడి అద్దినట్టు పెట్టె మీద రాశారు.

"వజ్రాలా?" గౌరీశ్వరి చేతిలో గరిటె ఆగిపోయింది. "పెళ్లయి పాతికేళ్లు. నా ముక్కుకి లేదు గానీ కత్తికి కొన్నారేటి?"

త్రినాథరావు రాయి తీసుకుని పెరట్లో కుళాయి దగ్గర కూర్చున్నాడు. తడి తువ్వాలు పరిచి, నీళ్లు చల్లి నూరడం మొదలుపెట్టాడు. మొదటి కత్తికి గీతలు పడ్డాయి గాని పదును రాలేదు. రాయి మీది పొడి మాత్రం కొంత నీళ్లలో కొట్టుకుపోయింది. రెండో కత్తికి చెయ్యి కాస్త వాటంలో పడింది. మూడోది, పెద్ద కత్తి, కాగితానికి ఆనిస్తే చప్పుడు లేకుండా రెండు ముక్కలు చేసింది. నూరుతున్నంతసేపూ ఆయన చెప్పాల్సిన మాట వల్లించుకుంటూనే ఉన్నాడు. "నాను ఆ మాట అనకూడదు శంకరూ... నాను ఆ మాట అనకూడదు."

అప్పుడు సన్యాసమ్మ ఫోన్ చేసింది. "అల్లుడేటి సేత్తన్నాడే?"

"పొద్దున్నుంచీ కత్తులు నూరుతన్నారమ్మా," అంది గౌరీశ్వరి, మిక్సీ చప్పుడులోంచి గొంతు పెంచి. "మొకం ఎత్తట్లేదు, పలకరిత్తే పలకట్లేదు. శంకర్ పేరు తలుసుకుని ఏటో గొణుక్కుంటన్నారు. ఆడొచ్చేసరికి పదునెక్కిపోవాలంట." పొయ్యి మీద పోపు మాడుతోందని ఫోన్ పెట్టేసింది.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. పగబట్టిన మనిషిని కత్తులు నూరుతున్నాడంటాం గాని, ఆదివారం పూట నిజంగా కత్తి తీసి రాయి మీద రుద్దే మనిషి ఒకడుంటాడని ఆ ముసలమ్మకు ఎలా తడుతుంది? విన్నది విన్నట్టు కొడుక్కి చెప్పి, కూర్చుని ఏడ్చింది.

పది నిమిషాల్లో సాయిశంకర్ ఫోన్ చేశాడు. "అక్కా, నాను రాను. బావ ఇంకా కత్తులు నూరుతన్నాడంట కదా. నూరుకోమను."

"నూరితే నీకేట్రా? నీ కోసమే కదా నూరుతన్నారు!" అంది గౌరీశ్వరి. అవతల ఫోన్ ఠక్కున ఆగిపోయింది.

"తమ్ముడు రాడంట. నూరుకోమన్నాడు," అని ఆమె పెరట్లోకి వచ్చి కొంగు నోట్లో కుక్కుకుంది.

త్రినాథరావు కత్తి కడిగి పక్కన పెట్టాడు. మానెయ్యడానికి వంక వెతుక్కునే మనిషికి కత్తి అయితేనేం, చెంచా అయితేనేం అనుకున్నాడు. ఆ మాటను సాయిశంకర్ మరిచిపోలేదు, ఇక మరిచిపోడు. అయినా తెచ్చిన కాయ తెచ్చినట్టు ఉండిపోకూడదు కదా. చేతులకు నూనె రాసుకుని, పనసకాయ ముందేసుకున్నాడు. పాతికేళ్లు మొండి కత్తికి అలవాటైన చెయ్యి ఎప్పటిలాగే బలమంతా పెట్టింది. కొత్త పదునుకు అంత బలం అక్కర్లేదు. కత్తి కాయలోంచి జారి ఎడమ మణికట్టు మీద ఆగింది.

రక్తం చూడగానే గౌరీశ్వరి చేతికందిన ఫోన్ తీసి తల్లికే చేసింది. "అమ్మా! తమ్ముడు రాడని సెప్పానో లేదో, ఈయన సెయ్యి కోసుకున్నారమ్మా!"

ఇందులోనూ అబద్ధం లేదు.

వీధి చివర క్లినిక్కులో మూడు కుట్లు వేశారు. కాంపౌండరు ధారాళమైన మనిషి, మోచేతి దాకా కట్టు చుట్టాడు. "ఇంట్లో ఏమైనా గొడవలా?" అని డాక్టరు మెల్లగా అడిగాడు. "పనసకాయండీ," అన్నాడు త్రినాథరావు. డాక్టరు జాలిగా తల ఊపి, మనసు విప్పి మాట్లాడుకోవడానికి ఒక ఫోన్ నంబరు రాసిచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో ఆటో ఆగి ఉంది. సాయిశంకర్ చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చి బావ కాళ్ల మీద పడ్డాడు. వెనక సన్యాసమ్మ శోకాలు పెడుతోంది.

"నాను రానంటే పేనం తీసుకుంటావేటి బావా! నీకు నామీద ఇంకా కోపమనుకున్నాను. నీ తప్పేటీ లేదు. నాయన ఆఖరి ఊపిరప్పుడు నాను మాత్రం ఉన్నానేటి? ద్వారకా నగర్ షాపులో కళ్లజోళ్లు అమ్ముకుంటన్నాను. అమ్మ మూడుసార్లు ఫోన్ సేసింది, ఎత్తలేదు. ఆ మంట నీమీద పోసేసేను."

నాలుగేళ్లుగా ఒక్కడే మోస్తున్నానని త్రినాథరావు అనుకుంటున్న బరువుకు రెండో కొస ఇతని భుజం మీద ఉంది. ఆయనకు ఏడుపొచ్చింది. "శంకరూ, ఆరోజు నాను ఆ మాట అనకూడదు," అన్నాడు.

సాయిశంకర్ తడి కళ్లతో పైకి చూశాడు. "ఏ మాట బావా?"

త్రినాథరావు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. "అదీ, పనసకాయ..." అని గౌరీశ్వరి నోరు తెరిచింది. ఆయన ఆమె కాలు తొక్కాడు. పనసకాయ అని తెలిస్తే ఏడ్చిన ఏడుపంతా సిగ్గుగా మారుతుంది, సిగ్గు మళ్లీ కోపమవుతుంది. దానికంటే చెయ్యి కోసుకున్నవాడిగా మిగిలిపోవడమే నయమనిపించింది.

అందరూ కలిసి అన్నం తిన్నారు. కట్టున్నది ఎడమ చేతికే అయినా, సాయిశంకర్ చేపముల్లు తీసి బావ నోటికి ముద్దలు అందించాడు. వెళ్లేటప్పుడు మూడు కత్తులూ, కత్తిపీటా, ఆఖరికి గడ్డం గీసుకునే బ్లేళ్లూ తువ్వాలులో మూటగట్టి పట్టుకుపోయాడు.

అప్పటినుంచి సాయిశంకర్ రోజూ పొద్దున ఆరింటికి ఫోన్ చేసి, "బావా, బానే ఉన్నావా?" అని అడిగి, పలికేదాకా పెట్టెయ్యడు. నైటు షిఫ్టు దిగొచ్చి అప్పుడే కన్ను మూసిన త్రినాథరావుకు, మాటల్లేని ఆ నాలుగేళ్లలో నిద్రయినా బాగా పట్టేదని ఈ మధ్యే గుర్తుకొస్తోంది.