మేడమీద గాలి

ఆ ఉదయం లెక్కల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురు ఇవాళ మొదటిసారి ఒంటరిగా చిన్న విమానం నడుపుకుంటూ పొరుగూరి మైదానం దాకా వెళ్ళి రావాలి. దారి తప్పిందా, లైసెన్సు మాట మళ్ళీ ఏడాదికే. ముప్పై ఏళ్ళుగా పిల్లల చేత తిట్లు తింటున్న త్రికోణమితి ఇన్నాళ్ళకి సొంతబిడ్డకి పనికొస్తుందంటే మాస్టారు చేతులు ముడుచుకుని కూర్చుంటారా?

మేడెక్కారు. తీగమీద తడి దుప్పటి రెపరెపలాడుతోంది. అది ఎంత వాలిందో కోణమానినితో కొలిచి, టాన్ వేసి గాలి వేగం తేల్చారు. గాలి పక్కనుంచి తోస్తుంటే విమానం ముక్కును గాలికేసి కాస్త తిప్పి పట్టుకోవాలి, ఎంత తిప్పాలో సైన్ చెబుతుంది. పద్నాలుగు డిగ్రీలు, ఎడమకి. చీటీ రాసి కూతురి చేతిలో పెట్టారు.

"వాతావరణంవాళ్ళు గాలి వివరాలు ఇస్తారు నాన్నా. లెక్క నేను వేసుకుంటాను."

"వాళ్ళకి నీమీద నాకున్నంత శ్రద్ధ ఉంటుందా? ఉంచుకో."

ఆ పిల్ల వెళ్ళిన గంటకి వంటింట్లోంచి భార్య కేకేసింది. "ఏమండీ, దుప్పటి ఆరడం లేదని ట్యాంకు వెనకాల స్టాండు ఫ్యాను పెట్టాను. కాస్త ఆపేసి రండి."

మాస్టారు వంటింట్లోకి పరిగెత్తారు. "ఎప్పట్నుంచి తిరుగుతోందది?"

"తెల్లారినప్పట్నుంచీ. మూడో నంబరు మీద."

ఫ్యాను సంగతి గాలికొదిలేసి, చెప్పులైనా వేసుకోకుండా స్కూటరెక్కారు. ఆయన విమానాశ్రయం చేరేసరికి కూతురి విమానం ఎగిరిపోయింది. ఆమెకి విమానం నేర్పే శిక్షకుడితో చెబితే అతను కంగారుపడి టవరువాళ్ళతో చెప్పాడు. వాళ్ళు ఫైరింజను తెప్పించి, పొరుగూరికి ఫోన్లు కొట్టి, రేడియోలో పిల్లని పట్టుకున్నారు. "పద్నాలుగు డిగ్రీలు ఎడమకి పోతున్నావు. కుడికి తిప్పు."

"నేను సరిగ్గానే వెళ్తున్నానండీ," అంది.

"దారి తప్పినవాళ్ళంతా అదే అంటారు," అని శిక్షకుడు తలపట్టుకున్నాడు. పాపం, మాస్టారు నేలమీద కూలబడి, తను కనిపెట్టకపోయినా సరే, త్రికోణమితి తరఫున దేవుడికి క్షమాపణ చెప్పుకున్నారు.

ఆ క్షమాపణలు ముగిసేసరికి విమానం పొరుగూరు వెళ్ళి తిరిగొచ్చి వాలింది. మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ పరిగెత్తారు. "నా చీటీ ప్రకారం పోలేదా తల్లీ?"

"విమానం తలుపు ఒకటే గడగడలాడుతుంటే మడిచి సందులో దోపాను నాన్నా. మళ్ళీ చప్పుడైతే ఒట్టు."

శిక్షకుడు చెమట తుడుచుకుని కాగితం మీద రాశాడు: 'ఇంతమంది తప్పంటున్నా తన లెక్కను వదల్లేదు. ఇంత కష్టమైన పరీక్ష నేనెన్నడూ పెట్టలేదు. ఉత్తీర్ణురాలు.'

ఆ పరీక్ష పెట్టింది తనేనని మాస్టారు దారిపొడవునా ఛాతీ విరుచుకుంటూనే వచ్చారు. ఇంటికి రాగానే ఎవరూ చెప్పకుండానే మేడెక్కి, స్విచ్చి నొక్కి గాలిని ఆపేశారు.