ఆగని వాల్ట్జ్

"సాయంత్రం హాల్లో నేనే వాయిస్తా," అని శనివారం పొద్దున్న కాఫీ తాగుతూ ఎల్వుడ్ తేల్చేశాడు.

హామిల్టన్ ఊళ్ళోని పెద్దవాళ్ళ డాన్సు హాల్లో అకార్డియన్ వాయించే స్టెఫాన్ మంచు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. డాన్సులు నడిపేది ఎల్వుడ్ భార్య వెర్నా. ఎల్వుడ్‌కి ఒక్క వాయిద్యమూ రాదు. జీవితమంతా ప్రోగ్రాములు రాసి రిటైరయ్యాక, హాస్కెల్ అనే కంప్యూటర్ భాషలో పాటలు అల్లుతూ బేస్‌మెంట్‌కే అంకితమైపోయాడు. ఇంతవరకూ ఆ పాటలు విన్నది పిల్లి ఒక్కటే. అదీ మధ్యలో లేచిపోయేది.

"మొత్తం వాయించి చూసుకున్నావా?" అంది వెర్నా.

"చూడక్కర్లేదు. రాసినదాంట్లో తప్పులు పట్టే కంపైలర్ ఒప్పుకుంది."

"డాన్సు చేసేది కంపైలర్ కాదు, నా స్నేహితురాలు హిల్డా. దాని మోకాలు అసలే అంతంతమాత్రం. ఇది గాని చెడిందో, హాల్లో నీకు ఇదే ఆఖరు. మళ్ళీ పిల్లికే వినిపించుకో."

సాయంత్రం గిరగిర తిరుగుతూ ఆడే వాల్ట్జ్ మొదలవగానే జంటలన్నీ లేచాయి. తన పాటకి మనుషుల అడుగులు పడుతుంటే ఎల్వుడ్ కళ్ళు చెమర్చాయి. పాట ఆగాల్సిన చోట ఆగకపోయేసరికి ఆ చెమ్మ ఆరిపోయింది.

తెర మీద చూసుకున్నాడు. రాగం ఎప్పటికీ తిరుగుతూనే ఉండాలని రాసి, దాని వెనక ముగింపు తగిలించాడు. ఎప్పటికీ అయ్యాక ఇంకేం వస్తుంది? వ్యాకరణం సరిగ్గానే ఉంది కాబట్టి కంపైలర్ కిమ్మనలేదు.

ఆపేస్తే పోయేది. కానీ పాట ఆపి దిద్దుకోవడం ఇలా రాసి వాయించేవాళ్ళలో నామర్దా. నడుస్తుండగానే దిద్దాలి. ఇక ఆ హాలు పద్ధతేమిటంటే, పాట ఆగకముందే కూర్చుంటే వాయించేవాణ్ణి అవమానించినట్టు. రెండు వైపులా మర్యాదస్థులే కావడంతో వచ్చింది చిక్కు.

నడిచే పాటకి ముగింపు ఎలా అతికించాలో తోచక, విసుగొచ్చి కూర్చుంటారని ఎల్వుడ్ వేగం తగ్గించాడు. జంటలు మరింత దగ్గరికి జరిగాయి. పెంచాడు. ఈలలు వేశారు. గత్యంతరం లేక రాగాన్ని తిరగేశాడు. వాళ్ళూ అటునుంచి ఇటు తిరగడం మొదలెట్టారు.

"ఏమయ్యా, పందెమా ఏంటి?" హిల్డా అరిచింది. "నా మోకాలు నిన్ను తిడుతోంది! అయినా ముందు నేను మాత్రం ఆగను!"

"నేనైతే బీరు కోసమైనా ఆపేవాణ్ణి," అన్నాడు స్టెఫాన్, కట్టు లేని చేత్తో బల్ల మీద తాళం వేస్తూ.

వెర్నా విసవిసా వచ్చింది. తన పని అయిపోయిందనుకున్నాడు ఎల్వుడ్.

"నువ్వు లేచొస్తే అది ఆగిపోతుందా?"

"ఆగదు. అదే కదా గొడవ!"

"మరి ఇక్కడేం చేస్తున్నావ్? లే."

ఇన్నేళ్ళ డాన్సుల్లోనూ ఎల్వుడ్ కోట్లు తగిలించే చోటే కూర్చునేవాడు. ఇప్పుడు తన పాటకి తనే తప్పటడుగులు వేశాడు. ఆమె కాలు తొక్కాడు. ఆమె అతణ్ణి ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. బేస్‌మెంట్లో ఎన్నిసార్లు చదువుకున్నా, ఆ పాటలో వెర్నా భుజం ఇంత దగ్గరగా ఎప్పుడూ లేదు.

"ఇది ఎలా ముగుస్తుంది?" అని చెవిలో అడిగింది.

"ముగియదు."

సరిగ్గా అప్పుడే వంటగదిలో ఎవరో టీ కోసం కరెంటు కెటిల్ పెట్టారు. ఫ్యూజు ఎగిరిపోయింది. పాట తాళం తప్పకుండా టక్కున ఆగింది.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. "ముగింపంటే అదీ!" అంటూ హిల్డా కుర్చీలో కూలబడింది. ఎల్వుడ్ వినయంగా తల వంచాడు.

వచ్చే శనివారానికీ వెర్నా అతణ్ణే ఖాయం చేసింది, కెటిల్‌తో సహా.