మైకు అందినవాళ్ళకే క్షమాపణ

సికింద్రాబాద్‌లో పాపం చేయడానికి ఇంతకన్నా మంచి రోజులు ఎన్నడూ రాలేదు. చేయదలచుకున్నవాళ్ళు ఆలస్యం చేయకండి. షరతు ఒక్కటే. మీరు బతికుండాలి, మీ చేతికి మైకు అందాలి.

మా తాతల కాలంలో క్షమాపణ అంటే ఎంత తక్లీఫ్! ఎవరికి అన్యాయం చేశారో వాళ్ళ గడప దాకా నడవాలి. తలుపు తీయకపోతే బయట నిలబడాలి. తీస్తే మరీ కష్టం, మొహం చూసి మాట్లాడాలి. ఇప్పుడా పరేషాన్ లేదు. ఆరాధనలో లేచి, ఫలానా పాపం చేశానని సాక్ష్యం చెప్పుకుంటే చాలు, పైవాడితో నేరుగా సెటిల్‌మెంట్ అయిపోతుంది. కింద ఉన్న మనిషిని కదిలించే పనే లేదు. యూట్యూబ్ లైవ్ పెడితే ఊరి చివర యాప్రాల్ నుంచి కూడా ఆమెన్‌లు వచ్చి పడతాయి.

నమ్మరా? అయితే మా సంఘంలో జరిగింది వినండి. చర్చి పేరు మాత్రం అడగకండి. ఎలాగూ మీరు మీ చర్చే అనుకుంటారు.

లాలాగూడలో తిమోతి అని, రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా రిటైరైన మనిషి ఉండేవాడు. భార్య రోసమ్మ. క్వయర్‌లో మంద్రంగా పాడే గొంతు ఆయనదే. పోయినేడు సంఘ కమిటీ ఎన్నికల్లో సెక్రటరీ పదవికి ఐజాక్ గారి మీద నిలబడి ఓడిపోయాడు. ఓడినవాడు వారంలో మరచిపోయాడు. గెలిచినాయన మరచిపోలేదు. తన మీద ఒకడు నిలబడటమా అన్న మంట ఆయనకు చాలాకాలం ఆరలేదు.

వానలు షురూ అయిన రోజుల్లో తిమోతి మేడ మీద నీళ్ళ ట్యాంకు కడుగుతూ, పాకుడు మీద కాలు జారి కింద పడి చనిపోయాడు. పక్కింటి ఫకీర్ ఆ సమయంలో కింద పైపు పట్టుకుని ఉన్నాడు. కాలు జారడమూ, పిట్టగోడ పట్టుకోబోయి చెయ్యి తప్పడమూ కళ్ళారా చూశాడు.

ఐజాక్ గారు ఆ దరిదాపుల్లో లేరు. అయినా పొద్దుగూకే లోపల మా పాస్టరు అయ్యగారి చెవిన ఒక మాట వేశారు. తిమోతి జారలేదు, కావాలనే దూకాడు. ఓడిపోయిన దగ్గర్నుంచి బతకాలని లేదని తనతో చెప్పుకున్నాడు. ఇదీ ఆ మాట.

ఇక్కడ కాస్త వేదాంతం అవసరం. దేవుడు ఎంత పాపాన్నైనా క్షమిస్తాడు గానీ ప్రాణం తీసుకున్నవాణ్ణి క్షమించడని మా అయ్యగారి బోధ. వాడికి పశ్చాత్తాపపడే టైం ఉండదట. కృప అనంతమే, కాకపోతే కౌంటర్ మూసే వేళంటూ ఒకటుంది. అంత చీకట్లో పడిపోయిన మనిషిని దేవుడే ముందుగా ఒడిలోకి తీసుకుంటాడేమో అన్న అనుమానం అయ్యగారికి రాలేదు. అనుమానం విశ్వాసులకు మంచిది కాదు కదా.

అందుకని తిమోతి పెట్టె చర్చి గేటు దాటి లోపలికి రాలేదు. గంట మోగలేదు. క్వయర్ పాడలేదు. సమాధుల తోటలో గోడవారగా, వానకు తడుస్తూ, గబగబా ఒక ప్రార్థన చేసి మట్టి వేశారు.

"నేను చూసిన సార్. జారి పడ్డడు" అని ఫకీర్ గేటు దగ్గరే చెప్పాడు.

"మీకు మా పద్ధతులు తెలియవు భాయ్" అన్నారు అయ్యగారు.

పాకుడు మీద జారడానికి మతం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

క్రిస్మస్ ముందర ఉజ్జీవ కూడికలు పెట్టారు. వచ్చిన ప్రసంగీకుడు దాచిన పాపం గురించి దడదడలాడించాడు. ఐజాక్ గారు కదిలిపోయి వేదిక ఎక్కి మైకు అందుకున్నారు.

"ప్రియులారా, తిమోతి చావు మీద నేను అబద్ధం చెప్పిన. అప్పటిసంది నాకు నిద్ర లేదు. నిన్న మోకాళ్ళ మీద ఏడుస్తుంటే ప్రభువు నన్ను క్షమించిండు. ఇప్పుడు నా గుండె దూదిలెక్క తేలికైంది."

హాలంతా స్తోత్రాలు. వెనకాల కీబోర్డు సన్నగా మొదలైంది. అయ్యగారు ఆయన్ని కౌగిలించుకున్నారు. అబద్ధం నెలల తరబడి బతికింది, క్షమాపణ మాత్రం పాట పల్లవి పూర్తయ్యేలోపే వచ్చింది. ఇంత ఫాస్ట్ సర్వీసు ఇంకెక్కడైనా ఉందా?

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి రోసమ్మ లేచింది.

"ఐజాకన్నా, ప్రభువు నిన్ను క్షమించిండు, మంచిదే. ఆ ముచ్చట నాకు చెప్పనీకి మా ఇంటికెందుకు రాలే?"

"దేవుని ముందల ఒప్పుకున్న గదమ్మా."

"అబద్ధం దేవుని మీద చెప్పినవా, మా ఆయన మీద చెప్పినవా?"

కీబోర్డు ఆగింది. అయ్యగారు మైకు పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చారు. కెమెరా కూడా అటు తిరిగింది.

"అమ్మా, జరిగిందేదో జరిగింది. క్షమించానని నీ నోటితో ఒక్కమాట అను. మనం తోటివారిని క్షమించకపోతే పరలోకపు తండ్రి మనల్ని క్షమించడు."

రోసమ్మ గొంతు పెంచలేదు.

"క్షమిస్త అయ్యగారూ. ముందుగాల మా ఆయనకు గంట కొట్టుండ్రి. లోపట జరగని ఆరాధన లోపట జరిపియ్యుండ్రి. ఆయన ఏ తప్పు చెయ్యలేదని గిదే మైకుల మీరే చెప్పుండ్రి. అటెంక ఐజాకన్నను నేను సుత క్షమిస్త."

అయ్యగారు కమిటీలో పెడతామన్నారు. పెట్టారు కూడా. కమిటీ సెక్రటరీ ఎవరో మీకు గుర్తుచేయక్కర్లేదు. ఒకసారి ముగిసిన భూస్థాపనను మళ్ళీ జరిపించే ఆచారం లేదని తీర్మానించారు. జరిపిస్తే, ఆనాడు గేటు మూసింది తప్పని ఒప్పుకోవాల్సి వస్తుంది. అయ్యగారు తప్పు చేయలేదు, అందిన సమాచారాన్ని బట్టి నడుచుకున్నారు. ఐజాక్ గారు తప్పు చేశారు, కానీ క్షమాపణ వచ్చేసింది. తిమోతి ఏ తప్పూ చేయలేదు, కానీ గోడవారనే ఉంటాడు.

మరి ఈ మొత్తం వ్యవహారంలో పాపి ఎవరు? వెతికి పట్టుకున్నారు. రోసమ్మ. ఆమెది క్షమించని హృదయమట. అది మెత్తబడే దాకా ప్రభువు బల్లలో పాలు పొందరాదని, రొట్టె, ద్రాక్షరసం ముట్టరాదని చెప్పారు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆమె రక్షణ కోసం అందరూ మొరపెడుతున్నారు. ప్రార్థన నడిపేది ఐజాక్ గారే.

ఆయన ఎదురుపడితే నేనొకసారి అడిగాను, ఒక్కసారి ఆమె ఇంటికి పోయి రావచ్చు కదా అని.

"నాదైతే క్లియర్ అన్నా. ఆమె గురించే నా బాధ" అన్నారు. నిజంగానే బాధపడుతున్నారు. అది చూసే నాకు భయం వేసింది.

మొన్న బల్ల ఆదివారం రోసమ్మ ఇంట్లో ఉండిపోతుందనుకున్నాను. వచ్చింది. ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. రొట్టె పళ్ళెం పట్టుకుని ఆ వరస వెంట వచ్చింది ఐజాక్ గారే. ఆమె దగ్గరికి రాగానే పళ్ళెం కాస్త పైకెత్తి, అవతలి ఆవిడకు అందించారు.

రోసమ్మ చెయ్యి చాపలేదు.

"మా ఇల్లు నీకెరికే గదన్నా" అన్నది మెల్లగా.

ఐజాక్ గారు పళ్ళెంతో ముందుకు కదిలారు. వరసలో ఇంకా చాలామంది ఉన్నారు.