లేని సంఖ్యతో వేసిన తాళం

భార్య ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చేలోపు చెత్తబుట్ట బయటపెట్టి, పాలు కాచి, పాప లేవకముందే సీసా సిద్ధం చెయ్యాలని లెక్కల మాస్టారు పొద్దున్నే పథకం వేసుకున్నారు. స్టవ్ మీద గిన్నె పెట్టి, బుట్ట పట్టుకుని గుమ్మం దాటారు. వెనకాల తలుపు తనంతట తానే మూసుకుంది.

అది నిన్ననే బిగించిన అంకెల తాళం. బయటి నుంచి నంబరు నొక్కితేనే తెరుచుకుంటుంది. "ఎక్కడైనా రాసిపెట్టండీ" అని భార్య బతిమాలితే, "సంఖ్యని కాదే, దాని గుణాల్ని గుర్తుపెట్టుకోవాలి" అని కొట్టిపారేశారు.

గుణాలు భేషుగ్గా గుర్తున్నాయి. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే. ఒకటీ, తనూ తప్ప మరే సంఖ్యా దాన్ని భాగించలేదు. ఒకటి, సున్నా, మూడు అందులో ఉన్నాయి. తాళానికి ఆరంకెలు కావాలి కాబట్టి 103301 నొక్కారు. కీచుమంది. 130031 కూడా అంతే. 301103 నొక్కేసరికి ఎర్రదీపం వెలిగింది. ఇంకొక్కసారి తప్పితే గంటసేపు మొండికేస్తుందన్నమాట. ఫోను లోపల, పాప లోపల.

తలుపు దబదబా బాదుతుంటే పక్కింటి పిన్నిగారు గరిటె చేత్తోనే పరుగెత్తుకొచ్చారు.

"ఏమైంది బాబూ?"

"పాప లోపలుండిపోయింది పిన్నిగారూ! స్టవ్ మీద పాలున్నాయి!"

"అయ్యో, నా తల్లే!" అంటూ ఆవిడ మెట్ల దగ్గరకెళ్లి కేకలు పెట్టారు. ఆ కబురు కింది అంతస్తుకి చేరేసరికి ఇల్లే అంటుకుంది. ఎవరో ఫైరింజన్‌కి ఫోన్ చేశారు.

అంతలో నిజంగానే మాడు వాసన వచ్చింది. మాస్టారు మళ్లీ తాళం మీద వేలు పెట్టబోయి ఆగిపోయారు. ముందూ వెనకా ఒకేలా ఉండే ఆరంకెల సంఖ్య ఏదైనా సరే, పదకొండు దాన్ని భాగించి తీరుతుంది. ఏటా తను పిల్లలకి చెప్పే పాఠమే! అలాంటప్పుడు తనకి గుర్తున్న సంఖ్య ఈ లోకంలోనే ఉండదు.

"లేని సంఖ్యతో తాళం వేశాను పిన్నిగారూ!" అంటూ గుమ్మంలోనే కూలబడి ఏడ్చేశారు.

గొడ్డళ్లతో ఫైరింజన్ వాళ్లూ, వాళ్ల వెనకాలే భార్యా వచ్చారు. ఆవిడ ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"అసలు ఏం నంబరు పెట్టారండీ?"

"ఇప్పుడు గుర్తొస్తోందే, పదివేల మూడు వందల ఒకటి. కానీ అది ఐదంకెలే కదా!"

"నిన్న మీరు నొక్కగానే అది కీచుమంటే ఏంటండీ అనడిగాను. మెచ్చుకుంటోందన్నారు! ఐదంకెలు చాలవని మొత్తుకుంది మహానుభావా!"

ఆవిడ పంటిబిగువున కోపం ఆపుకుని, తాళంతో పాటు వచ్చిన పాత నంబరు, 123456 నొక్కింది. తలుపు తెరుచుకుంది.

పాప బొటనవేలు నోట్లో పెట్టుకుని నిద్రపోతోంది. గిన్నెలో పాలు చల్లగా ఉన్నాయి. మాస్టారు స్టవ్ వెలిగించనే లేదు. పాపని గుండెలకి హత్తుకుని ఆయన మళ్లీ ఏడ్చారు.

"మరి ఈ మాడు వాసనెక్కడిది?" అన్నాడు గొడ్డలి పట్టుకున్నతను.

పిన్నిగారు చేతిలో గరిటె చూసుకుని, కెవ్వుమని తన ఇంట్లోకి పరుగెత్తారు.

ఆ మధ్యాహ్నం కొత్త నంబరు భార్యే పెట్టింది. దాని గుణాలేమిటని మాస్టారు ఆశగా అడిగితే, ఒక్కటే గుణం చెప్పింది: "నాకు గుర్తుంటుంది."