నిమ్మకాయ మార్చారు, బెల్టు మార్చలేదు

మదనపల్లె మొదలు పుంగనూరు మీదుగా కుప్పం దాకా ఈ మెట్టసీమను పాలిస్తున్నది ప్రభుత్వం కాదు, నడిచేవాటి పరిరక్షణ మండలి. దానికి భవనం లేదు, టీ అంగడి ముందు ఒక బెంచీ ఉంది. చట్టం ఒక్కటే: నడుస్తున్నదాన్ని విప్పరాదు. (ఆగిపోయినదాన్ని ఎవరైనా విప్పవచ్చు. తిరిగి బిగించే పూచీ మండలిది కాదు.)

ఈ చట్టం బోరుబావుల దగ్గర పుట్టింది. నీళ్లు పోస్తున్న బోరులోంచి మోటారు పైకి తీస్తే గంగమ్మ అలుగుతుందని ఇక్కడి పెద్దల మాట. అందుకని మోటారు కాలిపోయేదాకా దాన్ని ఎవరూ తాకరు. కాలాక ఎత్తి, కాయిలు చుట్టించి, మళ్లీ దించుతారు. మోటార్లకు ఈ పద్ధతి బాగానే సరిపోయింది. చిక్కల్లా నిమ్మనపల్లె టమోటా రైతు దొరస్వామి దాన్ని తన కారుకు కూడా వర్తింపజేయడంతో వచ్చింది.

ఆ కారు ఇంజన్‌లో టైమింగ్ బెల్టు ఉంది. లోపలి వాల్వులూ పిస్టన్లూ ఒకదాన్నొకటి గుద్దుకోకుండా వేళ తప్పక నడిపించేది అదే. ఇంత దూరం తిరిగాక, లేదా ఇన్నేళ్లు గడిచాక, తెగకముందే దాన్ని మార్చాలని కంపెనీవాళ్లు చెప్పారు. (వాళ్లకు బోర్లు లేవు కాబట్టి మండలి క్షమించింది.) రెండు గడువులూ ఎప్పుడో దాటిపోయాయి.

ఇంతలో దొరస్వామి కూతురు అనూషకు కుప్పంలోని ఒక కాలేజీ నుంచి లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన పిలుపు.

"నాయనా, బెల్టు మార్పిచ్చి పోదాం. దోవలో తెగితే నా ఉద్యోగం గోవిందా" అంది.

"బండి బాగానే పోతాండాది కదమ్మా, యాల కెలికేది?"

"తెగితే ఇంజనే పోతాది."

"తెగినాంక సూద్దాం లే."

వ్యవహారం మండలి ముందుకు వచ్చింది. అధ్యక్షుడు భీమరావు విచారణ జరిపాడు. (ఆయనకు కారు లేదు. కనుక ఏ బండి మీదా పక్షపాతం లేదు.) బానెట్‌కు చెవి ఆనించి విన్నాడు. చైను ఉన్న ఇంజన్లయితే చైను సాగినప్పుడు గలగలమంటాయి గానీ, బెల్టు చాలాసార్లు చెప్పాపెట్టకుండా తెగుతుందని అనూష విన్నవించుకుంది. చప్పుడు లేకపోవడాన్ని మండలి బెల్టు ఆరోగ్యానికి సాక్ష్యంగా స్వీకరించింది.

"ఇనప్పా దొరస్వామీ, ఎంత కమ్మగా కొట్టుకుంటాండాదో! దీన్ని ఇప్పితే పాపం తగులుతాది" అన్నాడు భీమరావు.

ముందుజాగ్రత్తగా బండికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టించారు. (నిమ్మకాయను ఎండకముందే మార్చాలి. ఈ విషయంలో మండలి చాలా కఠినం.)

ఇంటర్వ్యూ రోజున తండ్రీకూతుళ్లు బయలుదేరారు. మదనపల్లె దాటారు, పుంగనూరు దాటారు. పెద్దపంజాణి దగ్గర్లో ఇంజన్ ఆగిపోయింది. అనూష చెప్పినట్టే ఏ చప్పుడూ లేదు. దొరస్వామి పట్టు వదలక తాళం తిప్పుతూనే ఉన్నాడు. ఒకటో అరో వంగకుండా మిగిలిన వాల్వు ఉంటే అదీ వంగింది.

"ఏం కాదులే పాపా, రేపు కాయిలు సుట్టించేస్తే సరిపాయ" అన్నాడు.

ఆ పిల్ల ఇస్త్రీ చీరలో రోడ్డు మీద నిలబడి, వచ్చే పోయే ప్రతి బండికీ చెయ్యెత్తింది. బస్సులు మారి కుప్పం చేరేసరికి ఇంటర్వ్యూ గదికి తాళం వేసి ఉంది. ఈ మాట విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. మండలిలో ఎవరికీ మండలేదు.

పుంగనూరు మెకానిక్ ఇంజన్ విప్పి, తెగిన బెల్టునూ వంగిన వాల్వులనూ చూపించాడు. మండలి వాటిని పరిశీలించి కారణం తేల్చింది.

"తెగుతాది, తెగుతాది అని ఆ పాప ఎప్పుడు సూసినా అంటానే ఉండె. తెగకుండా ఏం సేస్తాది?" అన్నాడు భీమరావు.

ఇంజన్ బాగుచేయించారు, కొత్త బెల్టు వేశారు. ఇప్పుడు బండి చక్కగా నడుస్తోంది. కాబట్టి మళ్లీ చట్టరక్షణలోకి వచ్చింది.

మరో ఏడాదికి అనూషకు ఇంకో పిలుపు వచ్చింది. ఈసారి బస్సులోనే వెళ్తానంది. దొరస్వామి బస్టాండుదాకా వచ్చి, సంచీ చేతికిచ్చి, తండ్రి కదా, ఒక జాగ్రత్త చెప్పాడు.

"ఎక్కేముందు ఆ డ్రైవరన్నను అడుగు పాపా, బెల్టు మార్చినారో లేదో. ఈ బస్సులోళ్లను నమ్మేదానికి లేదు."